ఈ వారం గోదారికి

సోమవారం ప్రార్థన అయ్యాక
వరండా మెట్టు మీద నిలబడి సిస్టర్ బ్రిజిత
ఇంటిపేరుతో సహా పిలిచేది:
"ఓలేటి ధనకుమారి. ఐదు బి. సత్ప్రవర్తన."

నడిచి వెళ్ళాలి. పరిగెడితే ఇవ్వరు.

ఇత్తడి పతకం. రూపాయి బిళ్ళకంటే కాస్త పెద్దది.
మీద మరియమ్మ, చుట్టూ మాకెవరికీ చదవడం రాని లాటిను,
నీలం రిబ్బను, వెనకాల తుప్పు పిన్నీసు.
శుక్రవారం దాకా మనది.
ఆ సాయంత్రం ప్రేమ టీచరు బీరువాలో
సుద్దముక్కల డబ్బాలోకి వెళ్ళిపోయేది
మన మంచితనం.

నా గౌనుకి అప్పటికే మూడు గీతలు.
ఏటా జూన్లో మస్తాన్ టైలరు అంచు విప్పి దించేవాడు.
మడతలో దాక్కున్న నీలం
వెలిసిన నీలం పక్కన ముదురుగా బయటపడేది,
రేవు మెట్ల మీద వరద గుర్తుల్లా
ఏ ఏడు ఎంత ఎదిగానో లెక్క చెబుతూ.
బూట్లకి తెల్ల పాలిష్ ఎప్పుడూ కొనలేదు.
సుద్ద నానబెట్టి రాసేది అమ్మ.
పంటు దిగేసరికి రొయ్యల బుట్టల నీళ్ళు పడి
ఒక బూటు బడిది, ఒక బూటు రేవుది.

ఆ పంటు మీదే టిక్కెట్లు చింపేవాడు నాన్న.
సఖినేటిపల్లి నించి నరసాపురం,
నరసాపురం నించి సఖినేటిపల్లి.
రోజుకి ఇరవైసార్లు గోదారి దాటి
ఎక్కడికీ వెళ్ళని మనిషి.
ఆ సోమవారం నన్ను చూసి ఏమీ అనలేదు.
నా పక్కనున్న కొబ్బరిపీచు మేస్త్రితో మాత్రం
"కాస్త జరగండి, మరకంటుద్ది" అన్నాడు.

బుధవారం సాయంత్రం నడిమధ్యలో గాలి.
నీళ్ళలో పతకం ఎలా కనపడుతుందోనని వంగాను.
పిన్నీసు వదిలింది.
చప్పుడు కూడా లేదు.
వేపకాయ పడినా ఇంతకంటే గట్టిగా వినపడేది.

పంటు ఆపించలేదు నాన్న.
ముప్పై మంది, రెండు స్కూటర్లు, ఒక దూడ.
అందరూ దిగాక మాత్రం గెడ తీసుకుని
లోతు చూసే మనిషిలా
చీకటి పడేదాకా అక్కడే నిలబడ్డాడు.

సిస్టరుది కొట్టాయం.
తెలుగు నేర్చింది చేపల బజార్లో బేరమాడి.
గడపలోనే ఏడ్చేస్తున్న నన్ను చూసి
"ఎక్కడ పారేసేవే?" అంది.
"గోదాట్లో, సిస్టర్."
రిజిస్టరు తెరిచి, కళ్ళద్దాలు దించి,
నా పేరు పక్కన ఏదో రాసి, చదివింది:
"ఈ వారం సత్ప్రవర్తన, గోదావరి.
చూద్దారి, ఎన్నాళ్ళు నిలబెట్టుకుంటాదో."

ఆగస్టు దాకా నిలబెట్టుకుంది.

తర్వాత ఒక రాత్రి ఎర్ర యూనిఫాం తొడుక్కుని వచ్చేసింది,
గేటు దగ్గర పేరు చెప్పకుండా,
వరసలో నిలబడకుండా,
గంట కొట్టకముందే ఐదు బి లోకి.
గోడ మేకులకున్న షీల్డులు దిగి
ప్రార్థనా మందిరం వైపు తేలిపోయాయి.

నీళ్ళు తీశాక పది రోజులు బడి లేదు, ఒండ్రు ఉంది.
ఇంటి బట్టల్లో వచ్చాం, చీపుళ్ళతో, తట్టలతో.
ఎవరు రైసుమిల్లు పిల్లో, ఎవరు చాకిరేవు పిల్లో
ఆ నీలం గుడ్డ అన్నేళ్ళూ ఎంత కప్పి ఉంచిందో
అప్పుడు చూశాను.
రైసుమిల్లు సుహాసిని పట్టుపరికిణీ ఎగ్గట్టి
నాకంటే ఎక్కువ తట్టలు మోసింది, అదీ చూశాను.

దొరికినవి: ఒక గరిటె, నత్తలు,
ఎవరిదో ఎడమకాలి చెప్పు,
సుద్దముక్కల డబ్బా, మూత తీస్తే పాలలాంటి నీళ్ళు.
నేను అడక్కుండానే ప్రతి పిల్లా
ప్రతి పిడికెడూ పిసికి చూసింది.

ఆ ఏడు వార్షికోత్సవంలో పతకాల్లేవు.
తలో స్టీలు గ్లాసు. పేరు చెక్కించడానికి డబ్బుల్లేక
ఊరికే సంవత్సరం వేయించారు.

గౌను తర్వాత చెల్లికి వచ్చింది, నాలుగు గీతలతో.
ఎడమ పక్క రెండు చిల్లులు.
రఫ్ఫు చేస్తానన్నాడు మస్తాన్. అమ్మ ఉండనీ అంది.
చెల్లి అక్కడ రుమాలు తగిలించుకునేది.